సిస్టరమ్మ జవాబులు: ఆ ‘20’ ఎక్కడిది?

ఈసారి సంచిలో ఉత్తరాలు ఎక్కువగా నర్సింగ్ చదివే పిల్లలవే. కొత్త బ్యాచ్ వార్డుల్లోకి దిగినట్టుంది. చేతిరాతలు చూస్తేనే తెలుస్తోంది, కొన్ని నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకుంటూ రాసినవి. ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకుంటున్న ఒక కోడలి ఉత్తరం కూడా ఉంది. ఆమెకు మాత్రం పుస్తకంలా కాకుండా పక్కన కూచుని చెప్పినట్టు రాశాను.

“సిస్టర్ గారూ, నేను జీఎన్ఎం మొదటి సంవత్సరం. ఈ నెలే వార్డు పోస్టింగ్ వేశారు. వైటల్స్ (జ్వరం, నాడి, శ్వాస, బీపీ) రాసేటప్పుడు ఒక్కొక్కరి శ్వాస నిమిషం పాటు లెక్కపెడుతున్నాను. మా సీనియర్ అక్క నవ్వి ‘అందరికీ 20 వేసెయ్యి, ఎవరు చూస్తరు’ అన్నది. ఛార్టులు తిరగేస్తే నిజంగానే అందరికీ 20 ఉంది. నాదే చాదస్తమా?” — ఒక విద్యార్థిని, నర్సంపేట

చాదస్తం కాదు బిడ్డా. అలాగని మీ అక్కను తిట్టలేను. ఒకప్పుడు ఆ అక్కను నేనే.

రెండో సంవత్సరంలో ఉన్నప్పటి మాట. ఏ దవాఖానో చెప్పను. చలికాలం, నైట్ డ్యూటీ, మగవాళ్ల మెడికల్ వార్డు. పడకలన్నీ నిండి, కింద చాపల మీద ఇంకో ఆరుగురు. తెల్లవారుజామున నాలుగింటికి జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ పుస్తకం పట్టుకుని బయలుదేరాను. జ్వరం నిజంగానే చూశాను. నాడి పావు నిమిషం చూసి నాలుగుతో గుణించాను. శ్వాస గడిలో మాత్రం పైనుంచి కిందికి 20, 20, 20 అని దించుకుంటూ పోయాను. 17వ పడక మీద ఒక ముసలాయన మెడ దాకా చెద్దరు కప్పుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

ఏడింటికి డ్యూటీ మారేటప్పుడు హెడ్ సిస్టర్ రౌండ్‌కు వచ్చింది. 17 దగ్గర ఆగింది. నన్ను ఏమీ అనలేదు. చెద్దరు మెల్లగా నడుము దాకా దించింది. డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి, గొంతు కింద గుంట పడి లేస్తోంది. ‘లెక్కపెట్టు’ అన్నది. లెక్కపెడితే 38 వచ్చింది. అప్పుడు పుస్తకం తెరిచి నా గడి మీద వేలు పెట్టి, ‘ఈ 20 ఎక్కడిది?’ అని అడిగింది. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

ఆయనకు న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టారు, మందులు మార్చారు, పది రోజులకు లేచి ఇంటికి పోయాడు. పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. నేను మందుల ట్రే సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఒంట్లో ఏదైనా తేడా మొదలైనప్పుడు బీపీ చాలాసేపు తట్టుకుని నిలబడుతుంది. శ్వాస దానికంటే ముందే పెరుగుతుంది. వైటల్స్‌లో అన్నిటికంటే ముందు చెప్పేది అదే, మనం అన్నిటికంటే తక్కువగా చూసేదీ అదే. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25కు పైన పోతుంటే మీ ఇన్‌ఛార్జి చెవిన వేయాల్సిందే.

లెక్కపెట్టే పద్ధతి ఇది. నాడి చూడడం అయిపోయాక మణికట్టు వదలకండి. ఆ చేతినే మెల్లగా ఆయన పొట్ట మీదికి చేర్చండి. చూసేవాళ్లకు ఇంకా నాడి చూస్తున్నట్టే ఉంటుంది, మీ చేయి మాత్రం ఊపిరితో పాటు లేచి పడుతుంది. శ్వాస లెక్కపెడుతున్నానని చెప్పొద్దు. చెప్పారంటే ఇక ఆ మనిషి మామూలుగా ఊపిరి తీసుకోడు. లేచి పడడం కలిపితే ఒకటి, అలా నిండు నిమిషం. పిల్లల లెక్క వేరు: 2 నెలల లోపు పసికందుకు 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40. ఆ అంకెలను తాకినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు చూసిన లెక్క లెక్కలోకి రాదు.

మన పత్తి ఊళ్లకు సంబంధించి ఇంకో మాట, మీ పుస్తకంలో ఎక్కడో మూలన ఉండొచ్చు. పురుగుల మందు ఒంట్లోకి పోయినవాళ్లు మీ వార్డుకు వస్తుంటారు. మొదటి రోజు నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత. అట్రోపిన్ అనే విరుగుడు మందు పడ్డాక తేరుకుంటారు, ఇంటివాళ్లు చాయ్ తాగడానికి కిందికి దిగుతారు. కొందరికి ఆ తర్వాత, ఒకటో రోజుకు నాలుగో రోజుకు మధ్య, మెడ కండరాలూ ఊపిరి కండరాలూ నీరసించడం మొదలవుతుంది. అందుకే అలాంటి పేషెంట్‌ను ప్రతి డ్యూటీలో ఒక్కసారైనా తలగడ మీంచి తల ఎత్తమనండి. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే, వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్ 97 చూపిస్తున్నా సరే, వెంటనే డాక్టర్‌ను పిలవండి.

మీ అక్కతో గొడవ వద్దు. మీరు లెక్కపెట్టింది మీరు రాయండి. పేషెంట్లు ఎక్కువై చేతకాకపోతే గడి ఖాళీగా వదిలి, చూడలేదని ఇన్‌ఛార్జికి చెప్పండి. ఖాళీ గడి చూసి ఎవరో ఒకరు అడుగుతారు. 20 వేసిన గడి చూసి ఎవరూ అడగరు.

“అమ్మా, మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి రెండు నెలలైంది, కుడి పక్క పడిపోయింది. మంచంలోనే అన్నీ. నడుము కింద, తోకెముక దగ్గర తోలు ఎర్రగా అయితున్నది. పక్కింటోళ్లు స్పిరిట్ రుద్ది పౌడర్ కొట్టమంటున్రు. గాలి రింగు కొనుక్కొచ్చి కూచోబెట్టమంటున్రు. ఏం చెయ్యాలె?” — ఒక కోడలు, పరకాల

ముందుగా స్పిరిట్ సీసా పక్కన పెట్టు తల్లీ. మీ పక్కింటివాళ్ల తప్పు లేదు, మాకూ ఒకప్పుడు అదే నేర్పారు. నాలుగు గంటలకోసారి వీపుకు స్పిరిట్ రుద్ది, పౌడర్ కొట్టి, ‘బ్యాక్ కేర్ ఇచ్చాం’ అని రాసేవాళ్లం. నేనే వందల వీపులకు రుద్దాను. స్పిరిట్ తోలును ఎండబెడుతుంది, పౌడర్ చెమటకు ముద్దకట్టి గీరుకుంటుంది, ఎర్రబడ్డచోట గట్టిగా రుద్దితే లోపల ఇప్పటికే నలిగి ఉన్న కండ ఇంకా నలుగుతుంది. ఇప్పుడు అవన్నీ మానేశాం. గాలి రింగూ వద్దు. అది మధ్యలో బరువు తీసేసి చుట్టూ అంచు మీద వేస్తుంది, రక్తం అక్కడ ఆగిపోతుంది.

ఇప్పుడు వేలితో ఒక పరీక్ష చెయ్యి. ఎర్రబడ్డచోట వేలితో అదిమి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా టైం ఉంది. అదిమినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, తోలు పగలకపోయినా సరే. అత్తమ్మది చామనఛాయో నలుపో అయితే ఎరుపు సరిగా కనబడదు. అరచేయి వెనక వైపుతో తాకి చూడు. పక్కన ఉన్న తోలు కంటే వెచ్చగానో, గట్టిగానో, మెత్తగా బురదలానో ఉంటే అదే గుర్తు.

పుండు ఎందుకు పడుతుందంటే, మంచానికీ ఎముకకూ మధ్య తోలు నలిగి రక్తం అందక. కాబట్టి మందు కంటే పక్క మార్చడమే పని. రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి. పడిపోయిన కుడి పక్క మీద కొంచెం తక్కువసేపు ఉంచు, అక్కడ నొప్పి తెలియదు కాబట్టి ఆమె చెప్పలేదు. మొత్తం పక్కకు తిప్పేస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. వీపు వెనక ఒక తలగడ దూర్చి సగమే వాలిస్తే చాలు. గోడ మీద క్యాలెండర్ ఉంది కదా, దాని పక్కన కాగితం అంటించి ఏ టైముకు ఏ పక్క తిప్పారో రాసుకోండి. రాత్రి రెండింటికి లేచిన మీ ఆయన పొద్దున నీకు చెప్పాల్సిన పనుండదు.

లాగడం మాత్రం వద్దు. పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి గుంజుతారు అందరూ, అప్పుడు తోలు పరుపుకు అంటుకుని ఉంటే ఎముక ముందుకు జారుతుంది, లోపల చిరుగుతుంది. పాత నూలు చీర ఒకటి నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా ఆమె కింద పరిచి ఉంచు. చెరో పక్క ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపండి. పడిపోయిన చేయి పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు, భుజం కీలు జారుతుంది. మడమలను మరిచిపోతారు అందరూ. పిక్కల కింద తలగడ పెడితే మడమలు గాలిలో ఉంటాయి.

అన్నం పెట్టేటప్పుడు మాత్రం నిటారుగా కూచోబెట్టు. పక్షవాతంలో మింగడం సరిగా రాదు, వెల్లకిలా ఉండగా తాగించిన గంజి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక అరగంట అలాగే ఉంచి, తర్వాత తల వైపు దించెయ్యి. ఎత్తుగా వదిలేస్తే కిందికి జారి జారి ఆ తోకెముక దగ్గరే ఒరుసుకుంటుంది. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు బాగా పెట్టు, షుగర్ ఉంటే అది అదుపులో ఉందా చూపించు. కొనగలిగితే ఆల్ఫా బెడ్ అని గాలి నింపే పరుపు మంచిదే, కానీ అది ఉందని పక్క మార్చడం ఆపితే డబ్బులు దండగ.

తోలు పగిలినా, నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా పసుపూ ఆకుపసరూ పెట్టకుండా దవాఖానకు తీసుకుపోండి. మీ ఏఎన్ఎంను ఒకసారి ఇంటికి పిలిచి చూపించు. పక్క తిప్పడం ఆమె ముందు ఒకసారి చేసి చూపిస్తే, ఎక్కడ తప్పు పోతుందో చెబుతుంది.

నువ్వు ఎప్పుడు పడుకుంటున్నావో ఉత్తరంలో రాయలేదు. వచ్చే ఉత్తరంలో అది రాయి.

“మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న అబ్బాయిని. స్పాంజ్ బాత్ అంటేనే సిగ్గుగా ఉంది. పేషెంట్ల ఇంటివాళ్లు ‘మగపిల్లగానివి నీకెందుకీ పని’ అంటున్నారు. ఎలాగూ అటెండర్లు చేస్తారు కదా, మేం నేర్చుకోవడం అవసరమా?” — ఒక బ్రదర్, మహబూబాబాద్

నాయినా, ఒక సంగతి చెబుతాను. ఏటూరునాగారం అడవి పక్క ఊరి నుంచి ఒకాయన జ్వరంతో వచ్చాడు. వానలు వెనకబడ్డ రోజులు. ఆరు రోజులుగా జ్వరం తగ్గదు. మలేరియా లేదు, డెంగీ లేదు, ఇంకా ఏవేవో పరీక్షలు, ఏదీ తేలడం లేదు. నీలాంటి బ్రదరే ఒకతను స్పాంజ్ చేస్తూ చంక ఎత్తించాడు. లోపల బీడీతో చురక పెట్టినట్టు ఒక నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి గీత. నొప్పి లేదు కాబట్టి ఆయనకే తెలియదు. బ్రదర్ వచ్చి డాక్టర్‌కు చెప్పాడు. స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే కంటికి కనబడనంత సన్న పురుగు కుట్టినచోట కొందరికి అలాంటి పెచ్చు కడుతుంది, అదీ చంకలోనో, గజ్జల్లోనో, నడుం దగ్గరో, బట్ట మాటున. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, రెండు రోజుల్లో జ్వరం దిగింది. రౌండ్‌లో డాక్టర్లు చొక్కా పైకెత్తి గుండె విని పోతారు. చంక ఎత్తించేది స్నానం చేయించేవాడే.

సిగ్గు సంగతి. సిగ్గు నీకంటే ఆయనకు ఎక్కువ. చుట్టూ తెర గుంజు, కిటికీ మూయి, ఫ్యాన్ ఆపు. ‘పెద్దాయనా, ఒళ్లు తుడుస్తా, సరేనా’ అని అడిగి, సరే అన్నాకే మొదలుపెట్టు. ఒంటి మీద ఎప్పుడూ దుప్పటి ఉండాలి, తుడిచే భాగం ఒక్కటే బయటికి. గోరువెచ్చటి నీళ్లు, ముందు నీ మోచేతి మీద వేసుకుని చూసుకో. మొహం ముందు, సబ్బు లేకుండా. కన్ను ముక్కు వైపు నుంచి చెవి వైపుకు, ఒక్కో కంటికి బట్టలో ఒక్కో మూల. చేతులూ కాళ్లూ చివర్ల నుంచి పైకి. కాలివేళ్ల సందులు తుడిచి పొడిగా అద్దు, షుగర్ పేషెంట్లకు పుండ్లు మొదలయ్యేది అక్కడే. నీళ్లు మురికైనా చల్లబడినా మార్చు. మర్మాంగాల దగ్గర ముందు నుంచి వెనక్కి. అక్కడ చేతనైనవాళ్లకు తడిబట్ట చేతికిచ్చి అటు తిరిగి నిలబడు. ఆడవాళ్లయితే తోటి సిస్టర్‌ను పిలువు, వాళ్లు వద్దంటే వద్దే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇంటివాళ్ల మాటకు జవాబు చెప్పకు. పని అయిపోయాక పెద్దాయన మొహం చూసి వాళ్లే మాట్లాడరు.

“బీపీ చూస్తే నాకో అంకె, మా మేడమ్‌కు ఇంకో అంకె. ఒక్కోసారి చప్పుడే వినబడదు.” — ఏఎన్ఎం విద్యార్థిని, జనగామ

ముందు పట్టీ చూడు. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకాయనకు చూస్తే 158 వచ్చింది. ఆయన దండచేయి చుట్టుకొలత 36 సెంటీమీటర్లు. మామూలు పట్టీ దానికి చిన్నది. పెద్ద పట్టీ తెప్పించి చూస్తే 140. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. పట్టీలో గాలి నిండే సంచి పొడవు దండను 80 శాతం చుట్టాలి.

తర్వాత మనిషిని చూడు. మెట్లెక్కి వచ్చినవాడికి, ఇప్పుడే చాయో బీడీయో తాగినవాడికి చూడకు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూచోబెట్టు. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. వేలాడుతుంటే అంకె పెరుగుతుంది. చొక్కా చేయి పైకి మడిచి బిగిస్తే అది ఇంకో పట్టీ అవుతుంది, విప్పించు.

చప్పుడు వినబడక పోవడానికి ఎక్కువసార్లు స్టెత్ తప్పు చోట ఉండడమే కారణం. మోచేయి మడతలో లోపలి వైపు ముందు వేలితో నాడి వెతికి, దాని మీద పెట్టు. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టు. అది ఆగిన అంకె మీద ఇంకో 20 నుంచి 30 దాకా కొట్టి, అప్పుడు సెకనుకు రెండు మూడు మి.మీ. చొప్పున, అంటే సుమారు ఒక చిన్న గీత చొప్పున వదులు. గబుక్కున వదిలితే పై అంకె దాటిపోతుంది. మళ్లీ చూడాలంటే గాలి పూర్తిగా తీసి ఒకటి రెండు నిమిషాలు ఆగు. మీ మేడమ్‌కూ నీకూ 4, 6 తేడా వస్తే దిగులు పడకు. 20 తేడా వస్తే ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి.

“గ్లౌజులు వేసుకున్నాక కూడా చేతులు కడగాలా?” — విద్యార్థిని, కాజీపేట

కడగాలి, వేసుకునే ముందూ, తీశాకా. గ్లౌజుకు కంటికి కనబడని చిల్లులుంటాయి, తీసేటప్పుడు వేళ్లకు అంటుతుంది. మిర్చి తొడిమలు తీసిన చేయి కంటికి పెట్టుకుంటే తెలుస్తుంది వేలికి ఏం అంటుకుని ఉందో. క్రిములకు ఆ మంట లేదు, అందుకే మనకు ధైర్యం. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతులు మురికిగా కనబడకపోతే శానిటైజర్‌తో 20 నుంచి 30. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ ప్రసూతి వార్డుకు వచ్చే డాక్టర్లను, విద్యార్థులను క్లోరిన్ నీళ్లతో చేతులు కడగమన్నాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి, అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. కాబట్టి నీ సీనియర్లు నవ్వితే అది కొత్తేమీ కాదు.

“డ్రిప్ చుక్కల లెక్క ఎన్నిసార్లు చదివినా తలకెక్కడం లేదు.” — జీఎన్ఎం విద్యార్థి, భూపాలపల్లి

ముందు సెట్ కవర్ మీద చూడు, మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది. 20 అనుకుందాం. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో పోవాలి. 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. 4 గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి సుమారు 42. మైక్రో సెట్‌కు 60 చుక్కలు కాబట్టి అక్కడ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, గంటకు ఎన్ని మి.లీ. పోవాలో నిమిషానికి అన్ని చుక్కలే. లెక్క కుదిరాక సూది ఉన్న చేయి తాకి చూడు. చల్లగా ఉబ్బి ఉంటే చుక్కలు సరిగ్గా పడుతున్నా నీళ్లు నరంలోకి పోవడం లేదు.

“సెకన్ల ముల్లు ఉన్న వాచీ కొనమంటున్నారు కాలేజీలో. ఫోన్‌లో టైమర్ ఉంది కదా సిస్టర్?” — విద్యార్థిని, హనుమకొండ

ఫోన్ పట్టుకుని పేషెంట్ చేయి పట్టుకుంటే ఆయన నీ ఫోన్ వైపు చూస్తాడు, వాళ్లావిడ నీ వైపు చూస్తుంది. పైగా ఆ ఫోన్ నిన్న ఎక్కడెక్కడ పెట్టావో గుర్తు చేసుకో. చేతి వాచీ అయినా వార్డులో వద్దు, మణికట్టు దాకా కడగడం కుదరదు. గుండె దగ్గర పిన్నుతో తగిలించుకునే వాచీలు వస్తాయి, తలకిందులుగా వేలాడుతుంది, మనకు మాత్రం సూటిగా కనబడుతుంది. ఖరీదైనది అక్కర్లేదు, సెకన్ల ముల్లు దూకకుండా తిరిగితే చాలు.

నాది చదువు అయిపోయిన ఏడు కొన్నది. అద్దం రెండుసార్లు పగిలింది, పిన్ను ఊడితే వరంగల్ చౌరస్తా దగ్గర అతికించుకున్నాను. పోయిన వారం మా మనవడికి జ్వరం వస్తే పెట్టెలోంచి తీశాను. నిద్రలో ఉన్నాడు, పొట్ట మీద చేయి వేసి నిండు నిమిషం లెక్కపెట్టాను. మూడేళ్లవాడు, 32.